మా మిల్లు టీం పట్నం వెళ్లిపోయిన ఏడాది

ఒక మనిషి మోకాలు ఎలా ఉందో కనుక్కోవడానికి ఊరు ఊరంతా ఆసుపత్రికి రావడం మీలో ఎవరైనా చూశారా? నేను చూశాను. నర్సింగు చదువుకునే పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏమిటమ్మా అని అడిగితే, కలరా వార్డు గురించో, కష్టమైన కాన్పు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఆ మోకాలి గురించి చెబుతాను. వాళ్ల మొహాలు కాస్త చిన్నబోతాయి. అయినా చెబుతాను.

అరవైల చివర్లో సంగతి. శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య ఒక గోగునార మిల్లు ఉండేది. నార వడికి గోనెసంచులు నేసేవాళ్లు. మిల్లు పేరు, ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా చెప్పను. నర్సుగా నా మొదటి ఉద్యోగం ఆ మిల్లు ఆసుపత్రిలోనే. ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరుగారు, నేను. గాలిలో ఎప్పుడూ నార పీచు తేలుతూ ఉండేది. దగ్గు, మగ్గాల్లో నలిగిన వేళ్లు, చలిజ్వరాలు, ఇవే మా కేసులు.

మిల్లుకి ఒక వాలీబాల్ టీం ఉండేది. అందులో ఆడేవాళ్లు కాయితాల మీద నేతఖాతా పనివాళ్లు. నిజానికి మగ్గం మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఆడడమే వాళ్ల ఉద్యోగం. జీతం, క్వార్టరు, పాలు, గుడ్లు మిల్లే ఇచ్చేది. బరంపురం నుంచి, ఖరగ్‌పూర్ నుంచి పెద్ద పెద్ద రైల్వే టీములు వచ్చి మా ఊళ్లో ఓడిపోయి వెళ్లేవి. ఆట ఉన్న సాయంత్రం పగటి షిఫ్టు వాళ్లు ఇళ్లకి వెళ్లకుండా, ఒంటి మీద పీచుతోనే కోర్టు చుట్టూ కూచునేవాళ్లు. ఆడవాళ్లు క్వార్టర్ల అరుగులెక్కి చూసేవాళ్లు. నాకు ఆటంటే ఏమిటో తెలీదు. మా ఇంట్లో వీణ తప్ప వేరే ధ్యాస లేదు. అక్కడికి వెళ్లిన కొద్ది నెలలకే, నెట్‌కి చెయ్యి తగిలిందని రెఫరీ కన్నా ముందు నేనే అరిచేదాన్ని.

ఆ టీంలో బంతి కొట్టేవాడు ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని పొడుగాయన అనే పిలిచేది. శ్రీముఖలింగం పక్క పల్లె. వంశధార ఇసుకలో ఆడి పెరిగిన మనిషి. గాలిలోకి లేస్తే దిగడం మరిచిపోయాడా అనిపించేది. అలా దిగీ దిగీ కుడి మోకాలు పాడైంది. నీరు పట్టేది, వాచేది. వారానికోసారి నా దగ్గరికి వచ్చి కాపడం పెట్టించుకుని కట్టు కట్టించుకునేవాడు.

ఆయన వచ్చి వెళ్లిన మర్నాడు ఓపీలో జనం పెరిగేవాళ్లు. ఒకడు కడుపునొప్పి అంటాడు, ఒకడు జ్వరం అంటాడు.

"ఏదీ, నాలుక చూపించు."

"నాలిక్కేటి గానీ సిస్టరమ్మా, ఆ పొడుగాయన మోకాలు ఎలగున్నాది? ఆదివారం ఆట నాటికి వాపు దిగుతాదా?"

డాక్టరుగారు కోపిష్టి మనిషి. అయినా ఈ సంగతికి మాత్రం నవ్వేవారు. "అందరికీ ఒకటే చీటీ రాసెయ్యమ్మా, మోకాలు అని" అనేవారు.

కోర్టు మూల స్తంభం పక్కన ఒక మామ్మ పొయ్యి పెట్టుకుని పునుగులు వేసేది. పునుగుల మామ్మంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. పునుగుల వల్ల కాదు, నోటి వల్ల. ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా తిడుతూనే ఉండేది. పొడుగాయన కొట్టిన బంతి గీత దాటి పడిందా, చిల్లుల గరిటె ఎత్తి మరీ చూపించేది.

"ఒరే పొడుగోడా, ఆ సెయ్యి నీదేనా, అద్దెకి తెచ్చినావేటి?"

ఆయన తల వంచుకుని నవ్వేవాడు. బాగా ఆడిన రోజు మాత్రం మామ్మ ఒక్క మాట అనేది కాదు. ఆట అయ్యాక ఆయన విస్తరాకులో ఇంకో నాలుగు పునుగులు పడేవి, అంతే.

ఆ వానాకాలంలో కబురు వచ్చింది. మిల్లు యజమానులు విశాఖపట్నంలో కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. టీం అక్కడికి మారుతోంది. ఆటగాళ్లందరికీ అక్కడే ఉద్యోగాలు, అక్కడే ఇళ్లు.

మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక పెద్దమనుషులు కొందరు, యూనియన్ వాళ్లు కొందరు కలిసి మేనేజరుగారి దగ్గరికి వెళ్లారు. పునుగుల మామ్మ పిలవకుండానే వెళ్లింది. మేనేజరుగారు చెడ్డవాడు కాదు. పై వాళ్ల మాట కాదనలేని మనిషి. ఓపిగ్గానే చెప్పాడట, పట్నంలో అయితే పెద్ద పెద్దవాళ్లు చూస్తారు, పేపర్లలో వస్తుంది, ఇక్కడ ఎంత బాగా ఆడినా చూసేదెవరు అని.

మామ్మ అక్కణ్నుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చి బల్ల మీద కూచుంది. "ఇక్కడ సూసేవోళ్లు ఎవులూ లేరంట సిస్టరమ్మా. మరి మేమెవులం?" అంది. నా దగ్గర దానికి మందు లేదు.

తరవాతి రోజుల్లో ఊరు ఊరంతా ఏదో ఒక జబ్బుతో మా దగ్గరికి వచ్చింది. ఈసారి నిజంగానే. నిద్ర పట్టదని ఒకరు, అన్నం సయించదని ఒకరు, గుండెల మీద బరువుగా ఉందని ఇంకొకరు. డాక్టరుగారు అందరికీ ఎర్రరంగు మిక్స్చరు రాసేవారు. అది కలిపే మా కాంపౌండరుగారికే అందరికన్నా ముదిరింది. చాలా నెమ్మదైన మనిషి ఆయన, గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మందుల గదిలో టీం ఫొటో పెట్టుకుని రోజూ తుడిచేవారు. ఒకరోజు చూద్దును కదా, ఆ ఫొటో గోడకి మొహం పెట్టి వేలాడుతోంది.

"తీసెయ్యకపోయారా" అన్నాను.

"తీసెయ్యడానికి మనసొప్పలేదు సిస్టర్. చూడ్డానికీ మనసొప్పలేదు" అన్నారు.

యజమానులు ఎక్కడో దూరాన ఉండేవాళ్లు. వాళ్ల మీద కోపం చూపించే వీలు లేదు. ఆ కోపమంతా ఆటగాళ్ల మీదికి మళ్లింది. మంగలి వాళ్లకి గడ్డం గియ్యనన్నాడు. టీ కొట్టతను గ్లాసు విసురుగా పెట్టేవాడు. కుళాయి దగ్గర వాళ్ల ఆడవాళ్లు వస్తే మిగతావాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. కోర్టు మీద ఎవరో తడి నార ఆరేశారు. మర్నాడు ఇంకొకరు గేదెల్ని కట్టేశారు. వీళ్లంతా మొన్నటిదాకా ఆ గీతల మీద చెప్పుకాలు పెట్టనిచ్చేవాళ్లు కారు.

వెళ్లే ముందు పొడుగాయన కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. మామూలుగా కబుర్లు చెప్పే మనిషి, ఆ రోజు గోడకేసి చూస్తూ కూచున్నాడు.

"ఊరోళ్లు ఎవులూ మాటాడ్డం లేదు సిస్టరమ్మా."

"తెలుసు."

"నాకేటి ఎల్లాలనున్నాదా? మాకు సెక్క భూమి లేదు. నా తమ్ముళ్లు కూలికెల్తన్నారు. ఆళ్లు రమ్మన్న కాడికి నాను పోవాల. నానిక్కడే ఉంటానంటే ఉంచుకునీది ఎవులు?"

కాలు జాగ్రత్త అన్నాను. పట్నంలో గట్టి నేల మీద ఆడిస్తారేమో, ఎత్తు నుంచి దిగేటప్పుడు బరువంతా కుడికాలి మీద వెయ్యొద్దు అన్నాను. తల ఊపాడు. గుమ్మం దాటుతుండగా మందుల గదిలోకి తొంగి చూసి, తిరగేసి ఉన్న ఫొటో చూశాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

వాళ్లు బయల్దేరే పొద్దున ఎవరూ సాగనంపడానికి వెళ్లకూడదని ఊరు కట్టుబాటు చేసుకుంది. నిజంగానే ఎవరూ వెళ్లలేదు. కంపెనీ లారీలో పెట్టెలు, మంచాలు, ఆడవాళ్లు, పిల్లలు. పట్టపగలు వీధి వీధంతా తలుపులు వేసుకుంది. నేను ఆసుపత్రి వరండాలో నిలబడి చూస్తున్నాను. లారీ మలుపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మధ్యలో పునుగుల మామ్మ నిలబడి ఉంది. డ్రైవరు హారను కొట్టాడు. కదల్లేదు.

లారీ ఆగింది. మామ్మ దాని పక్కకి వెళ్లి ఒక్కొక్కణ్నీ పేరు పెట్టి పిలిచి తిట్టింది. కెప్టెన్ని వాడి సర్వీసు గురించి తిట్టింది. ఇంకొకణ్ని ఎప్పుడో బరంపురం వాళ్లతో వదిలేసిన బంతి గురించి తిట్టింది. ఎవరికీ మిగల్చలేదు. ఆఖర్న పొడుగాయన దగ్గరికి వచ్చింది.

"ఒరే పొడుగోడా. ఆ సముద్రం గాలికి కాళ్లు పీకుతాయి. రాత్రేల నూనె రాసుకో. నీ యెదవ బుద్ధికి రాసుకోవని నాకు తెల్దేటి?"

తరవాత పక్కకి జరిగింది. లారీ వెళ్లిపోయింది. అప్పుడు చూశాను, వీధిలో ప్రతి తలుపూ బెత్తెడు తెరిచి ఉంది.

మిల్లు కుర్రాళ్లతో ఒక కొత్త టీం కట్టారు. వాళ్లు ఉత్సాహంగానే ఆడేవాళ్లు, ఉత్సాహంగానే ఓడిపోయేవాళ్లు. చూడ్డానికి వచ్చేది వాళ్ల తల్లులే. పాత టీం పేరు మాత్రం ఊళ్లో ఎవరూ ఎత్తకూడదు. ఎవరైనా నోరు జారితే, వాళ్లెవరో మాకు తెలీదనేవాళ్లు.

చలికాలం వచ్చాక ఒక శనివారం డాక్టరుగారు నన్ను మందులు తెమ్మని విశాఖపట్నం పంపారు. పొద్దున్న బస్సు ఎక్కితే సీటు లేదు. చూస్తే సగం బస్సు మా ఊరివాళ్లే. మంగలి ఉన్నాడు, టీ కొట్టతను ఉన్నాడు. వెనక సీట్లో, అత్తవారింట్లో పెళ్లిచూపులున్నాయని సెలవు పెట్టిన మా కాంపౌండరుగారు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూచున్నారు. ఆయన పక్కన ఒళ్లో బుట్టతో పునుగుల మామ్మ.

"ఎక్కడికి మామ్మా?"

"కళ్లు సూపించుకోడానికి."

"మీరెక్కడికి?" అని మంగలిని అడిగాను.

"సింహాచలం, సిస్టరమ్మా. మొక్కున్నాది."

టీ కొట్టతను కూతుర్ని చూడ్డానికట. ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మామ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మరి నువ్వెక్కడికి?"

"మందులకి."

"మందులకేనేటి?"

మందులకే. కానీ ఆ సాయంత్రం పట్నంలో బరంపురం టీంతో మా వాళ్లకి ఆట ఉందని పేపర్లో నేనూ చూశాను. డాక్టరుగారు సోమవారం వెళ్లమంటే, శనివారమైతే త్వరగా ఇస్తారండీ అన్నది నేనే.

సాయంత్రం సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ మైదానంలో అందరం కలుసుకున్నాం. సింహాచలం, కళ్ల డాక్టరు, పెళ్లిచూపులు అన్నీ తాడు వెనక ఒకచోట చేరాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. మామ్మ మాత్రం ముందే తేల్చి చెప్పింది. "నానొచ్చింది ఈ యెదవలు ఓడిపోతంటే సూడ్డానికి. ఎవులైనా సప్పట్లు కొడితే ఊరుకోను."

అది మా కోర్టు లాంటిది కాదు. షామియానా, కుర్చీలు, కూల్‌డ్రింకులు. మంచి బట్టలు వేసుకున్నవాళ్లు మధ్యమధ్య వేళ్లతో చప్పట్లు కొట్టి మళ్లీ మాటల్లో పడేవాళ్లు. మా వాళ్లు బాగానే ఆడుతున్నారు. పొడుగాయన మాత్రం కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. నాకు నడకలోనే తెలిసింది. ఎగరడం ఆలస్యమవుతోంది. వరసగా కొన్ని బంతులు నెట్‌లోకి కొట్టాడు.

కుర్చీల్లోంచి ఎవరో కుర్రాడు కేక వేశాడు. "తాతా, ఇంటికెళ్లిపో." ఇంకొందరు నవ్వారు. మళ్లీ బంతి పోయింది. ఈసారి ఈలలు, గోల.

కాంపౌండరుగారు కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చారు. ఎందుకో నాకు అర్థమయ్యేలోగా మామ్మ తాడు కింద నుంచి దూరి అవతలికి వెళ్లిపోయింది.

"ఎవుడ్రా ఆడు? ఎవుడన్నాడు తాత అని?"

"నీకెందుకు ముసలమ్మా?"

"నాకెందుకా? ఆడు మా ఓడు. ఆడి ఒంట్లో ప్రతి బొమికా మాకు తెల్సు. ఆడిని తిట్టాలంటే మేం తిట్టాల. మీరెవులు తిట్టడానికి? నిన్న గాక మొన్న ఒచ్చినాడు మీ కాడికి. ఆడి మోకాలు ఎప్పుడు వాస్తాదో తెల్సేటి మీకు?"

మంగలి, టీ కొట్టతను, మా కాంపౌండరుగారు అందరూ ఆవిడ వెనక చేరారు. దెబ్బలాట అవుతుందనుకున్నాను. అవలేదు. కుర్చీల వాళ్లకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు, అంతే. మా వాళ్లు అక్కణ్నుంచే తిరిగి కోర్టు వైపు మొహం పెట్టి అరవడం మొదలెట్టారు. ఓడిపోవాలని వచ్చినవాళ్లే. కాంపౌండరుగారి గొంతు అంత పెద్దదని ఆ రోజే తెలిసింది.

పొడుగాయన తిరిగి చూశాడు. మామ్మని చూశాడు, చూసి నవ్వాడు. బంతి లేచింది. ఆయనా లేచాడు, ఇదివరకటిలాగే. ఆ దెబ్బకి బరంపురం వాళ్లు ఎవరూ కదల్లేదు. కానీ దిగడం దిగడం కుడికాలి మీద దిగాడు. కూలబడి ఇక లేవలేదు.

టీం చూసుకునే కంపెనీ ఆఫీసరు వచ్చి, కట్టు బిగించుకుని లెమ్మన్నాడు. ఆట మంచి పట్టులో ఉంది. పొడుగాయన తల అడ్డంగా ఊపి, "అక్కడ మా సిస్టరమ్మున్నాది, పిలవండి" అన్నాడు.

వెళ్లి మోకాలు పట్టుకుని చూశాను. చెయ్యి పెడితే లోపల ఎముక పక్కకి జారుతోంది. ఆయన నా మొహమే చూస్తున్నాడు. పక్కవాళ్లకి వినపడకుండా అన్నాడు, "సూసి సెప్పండి సిస్టరమ్మా. ఆడలేనంటే ఈ ఊళ్లో నాకు పనేటీ లేదు."

గట్టిగా బిగించి కడితే ఆ పూటకి నిలబడగలిగేవాడు. తరవాత ఆ కాలు నడవడానికి కూడా పనికొచ్చేది కాదు. నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. ఒక మనిషి బతుకుతెరువు నా నోటి మాట మీద ఉండడం అదే మొదటిసారి.

"ఆడొద్దు" అన్నాను. "ఇవాళే కాదు. ఇంకెప్పుడూ వద్దు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు వెనక్కి తిరిగి ఇంకొకణ్ని ఆటలోకి పిలిచాడు. పెద్దాసుపత్రిలో డాక్టర్లు కూడా మర్నాడు అదే మాట చెప్పారు. చాలాకాలం వరకు నాకు ఆ మాట అన్నందుకు ఊరట కలగలేదు. నర్సు చెప్పే నిజాలు కొన్ని అలాగే ఉంటాయి, మీకూ ఎదురవుతాయని ఆ నర్సింగు పిల్లలకి చెబుతూంటాను.

తిరుగు బస్సులో ఎవరూ మొహాలు దాచుకోలేదు. ఆ వారంలోనే మళ్లీ అందరూ మేనేజరుగారి దగ్గరికి వెళ్లారు. ఈసారి నేను కూడా వెళ్లాను.

"టీం అడగడానికి రాలేదు బాబూ" అంది మామ్మ. "ఒక్క మనిషిని అడుగుతన్నాం."

మేనేజరుగారు ఇబ్బంది పడ్డాడు. "కాలు పనికిరాని మనిషి నేతఖాతాలో ఏం చేస్తాడమ్మా?"

"ఇన్నాళ్లూ నేతలోనే ఉన్నాడని మీరే రాసుకున్నారు కదేటి బాబూ. అప్పుడేటి నేసినాడు?"

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. పై వాళ్లకి ఏం రాశాడో తెలీదు, పొడుగాయనకి నార గోదాంలో కూచుని చేసే పని ఇప్పించాడు.

రేకు పెట్టెతో, చేతికర్రతో ఆయన బస్సు దిగిన రోజు ఎవరూ దండలు వెయ్యలేదు. ఏమీ జరగనట్టే మంగలి పెట్టె అందుకున్నాడు. టీ కొట్టతను అడక్కుండానే టీ తెచ్చాడు. నేను ఆసుపత్రికి వచ్చేసరికి మందుల గదిలో ఫొటో తిన్నగా ఉంది. కాంపౌండరుగారు అద్దం తుడుస్తూ, నన్ను చూసి గుడ్డ దాచేశారు.

మరో రెండేళ్లు గడిచాయి. పట్నంలో కంపెనీ ఖర్చు దండగని టీం తీసేసింది. ఆటగాళ్లని తలో ఆఫీసులో బిళ్లబంట్రోతులుగా, గుమస్తాలుగా సర్దేశారు. ఆ కబురు మా ఊరు చేరిన రోజు మళ్లీ ఎర్ర మిక్స్చరు అయిపోయింది. అక్కడ మాత్రం పేపర్లో కూడా రాలేదని, పట్నం వెళ్లొచ్చిన కాంపౌండరుగారు చెప్పారు.

ఆ సాయంత్రం పొడుగాయన కాపడానికి వచ్చాడు. సంగతి ఆయనకీ తెలిసింది. కాలు బల్ల మీద చాపుకున్నాడు.

"టీం తీసీసినారంటే ఆ ఊళ్లో ఎవులైనా ఏటైనా అన్నారంటా, సిస్టరమ్మా?"

"ఎవరూ ఏమీ అనలేదట."

"ఒక్కరైనా తిట్టలేదా?"

"లేదట."

"పాపం" అన్నాడు. అన్నది ఆటగాళ్లనో, ఆ ఊరినో నేను అడగలేదు. బయట మైదానం వైపు నుంచి కేకలు వినపడుతున్నాయి. ఆయన కాలు కిందికి దించాడు.

"బేగి కట్టండి సిస్టరమ్మా. రాజాం వోళ్లతో మన కుర్ర గుంటలకి ఆటున్నాది. మామ్మ అప్పుడే మొదలెట్టీసినట్టున్నాది."